ఇల్లా, హాస్టలా? కళాశాల రోజుల నివాసంపై అపోహలు – వాస్తవాలు

కళాశాలలో చేరబోయే విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు సలహాలిచ్చే వృత్తిలో ఉన్నందున, ప్రవేశాల కాలంలో కోర్సుల గురించి ఎంతగా అడుగుతారో నివాసం గురించీ అంతగానే అడగడం చూస్తుంటాను. ఆ ప్రశ్నల వెనుక ఉండే కొన్ని నమ్మకాలు ఇవి.

అపోహ: హాస్టల్లో ఉంటేనే చదువు బాగా సాగుతుంది.

వాస్తవం: ప్రాంగణంలో నివసించేవారు చదువును మధ్యలో మానేయడం తక్కువని అమెరికా విద్యా పరిశోధకుడు అలెగ్జాండర్ ఆస్టిన్ 1970లలోనే గుర్తించారు. అయితే 1984లో ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం ఫలితాన్ని నిర్ణయించేది విద్యార్థి తన చదువుపైనా, కళాశాల జీవితంపైనా వెచ్చించే శ్రమ, శ్రద్ధ. ప్రాంగణంలో ఉండటం అందుకు వీలు కల్పిస్తుంది, అంతే. పైగా హాస్టల్ ఖర్చు భరించగల కుటుంబాల పిల్లలే అక్కడ ఎక్కువగా ఉండే చోట, కనిపించే తేడానంతా నివాసానికే ఆపాదించడం తొందరపాటు.

అపోహ: ఇంటి నుంచి వెళ్లి వస్తే ఖర్చు ఉండదు.

వాస్తవం: డబ్బు చాలావరకు మిగులుతుంది, కాదనను. కానీ రానూపోనూ రోజుకు మూడు గంటల ప్రయాణమంటే, వారానికి ఐదు రోజుల తరగతులకు 15 గంటలు దారిలోనే గడిచిపోతాయి. అంతకంటే పెద్ద నష్టం సాయంత్రాలది: చివరి తరగతి ముగిశాక అధ్యాపకుణ్ణి సందేహం అడగడానికి, తోటివారితో కలిసి ప్రాజెక్టు పూర్తి చేయడానికి దొరికే సమయాన్ని బస్సు వేళలు మింగేస్తాయి. అందుకే తరగతుల మధ్య ఖాళీ గంటలను లైబ్రరీలో గడపమని, ఇంట్లో చదువుకునే వేళలను, చేయవలసిన ఇంటి పనులను ముందే మాట్లాడుకోమని చెబుతాను. ఈ రెండో మాట పిల్లలకంటే పెద్దలకే ఎక్కువసార్లు గుర్తుచేయవలసి వస్తుంది.

అపోహ: హాస్టల్లో పిల్లలు చెడిపోతారు.

వాస్తవం: గదిలో తోడున్నవారి ప్రభావం నిజమే, కానీ అది మంచికైనా, చెడుకైనా పనిచేస్తుంది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో దాదాపు లాటరీ పద్ధతిలో గదులు కేటాయించిన విద్యార్థులపై ఆర్థికవేత్త బ్రూస్ సాసర్డోట్ 2001లో ప్రచురించిన అధ్యయనం, ఆ ప్రభావం మార్కుల మీద, సామాజిక క్లబ్బుల్లో చేరాలన్న నిర్ణయం మీద కనిపించిందని, ప్రధాన సబ్జెక్టు ఎంపికపై మాత్రం కనిపించలేదని తేల్చింది. కాబట్టి గదులను ఏ పద్ధతిలో కేటాయిస్తారు, పొసగకపోతే మార్చుకోవచ్చా, రాత్రివేళ వార్డెన్ అందుబాటులో ఉంటారా అని అడగడం భయపడటంకంటే ఉపయోగకరం.

అపోహ: ఇంటి మీద బెంగ పెట్టుకునేవారు హాస్టల్‌కు పనికిరారు.

వాస్తవం: తొలి వారాల్లో బెంగ సహజం, చాలామందిలో క్రమంగా తగ్గిపోతుంది. తిండి, నిద్ర, హాజరు దెబ్బతింటుంటే మాత్రం తగ్గేదాకా ఎదురుచూడకుండా కౌన్సెలర్‌ను కలవాలి.

అపోహ: ఒకసారి నిర్ణయించుకుంటే కోర్సు పూర్తయ్యేవరకు మార్చుకోలేం.

వాస్తవం: మొదటి ఏడాది హాస్టల్లో ఉండి, తర్వాత ఇంటి నుంచి వెళ్లేవారూ, అందుకు విరుద్ధంగా చేసేవారూ ఉన్నారు. అయితే కొన్ని కళాశాలలు మొదటి ఏడాది ప్రాంగణ నివాసాన్ని తప్పనిసరి చేస్తాయి, మధ్యలో ఖాళీ చేస్తే ఫీజు వెనక్కి ఇవ్వని హాస్టళ్లూ ఉన్నాయి. డబ్బు కట్టకముందే ఆ నిబంధనలను రాతపూర్వకంగా తీసుకుని చదవాలి.