టవర్ లైన్లకు అనుమతి ఎక్కడ పుడుతుంది?

నెల్లూరు జిల్లాలో కొత్త హైటెన్షన్ లైను అనగానే గొడవే. మా పొలంలో టవర్ వేయమని ఎవరు చెప్పారని రైతు అడుగుతాడు, ఢిల్లీలో మంజూరైందని సర్వేకి వచ్చినవాళ్లు చెప్పి జెండాలు పాతేసి పోతారు.

దీనికి మూలం కృష్ణపట్నం పోర్టు. ఓడలో బొగ్గు దిగుతుంది, సముద్రం నీళ్లు పక్కనే ఉన్నాయి, ఇంకేం, ప్లాంట్లు వరస కట్టాయి. నేలటూరులో జెన్‌కోవే 800 మెగావాట్ల యూనిట్లు మూడు, ఆ చుట్టుపక్కల ప్రైవేటువి మరికొన్ని. ఇంత కరెంటు జిల్లా వాడుకోలేదు, బయటికి మొయ్యాలి. అందుకే నెల్లూరు నుంచి కర్నూలుకు 765 కేవీ (7.65 లక్షల వోల్టుల) లైను, అక్కడినుంచి రాయచూరు, షోలాపూర్. రాయచూరు–షోలాపూర్ లైను 2013 డిసెంబర్ 31న ఛార్జ్ అయ్యాకే, అంటే దాన్లో కరెంటు పారాకే, దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసింది (2012 జూలైలో ఉత్తరాది చీకటైనా మనకేం కాలేదంటే అప్పటికింకా అలా కలవలేదు కాబట్టే). తమాషా ఏంటంటే, ఇక్కడే 2007లో రిలయన్స్ పవర్‌కు దక్కిన 4000 మెగావాట్ల ప్లాంటు మాత్రం ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిందంటూ ఆగి, రానే లేదు.

ఇక అనుమతి సంగతి. విద్యుత్ చట్టం, 2003లో 68వ సెక్షన్ కింద లైనుకు ప్రభుత్వ ముందస్తు ఆమోదం, 164 కింద టెలిగ్రాఫ్ అధికారాలు, అంటే టెలిగ్రాఫ్ స్తంభాలు పాతి తీగలు లాగేవాళ్లకున్నలాంటివి. ఆ అధికారాలు 1885 నాటి తెల్లదొరల చట్టంలోవి. టవర్ వేసినా భూమి రైతుదే, లైను వేసేవాళ్లకు వాడుకునే హక్కు మాత్రమే. రైతు అడ్డుపడితే కలెక్టర్ అనుమతి తెచ్చుకుంటారు, పరిహారం చాలకపోతే రైతు జిల్లా జడ్జి దగ్గరికి పోవాలి. అంటే లైను ఎటు పోవాలో తేలేచోట రైతు మాటకు చోటే లేదు, అసలు చిక్కంతా అక్కడే.

పరిహారం కూడా చాలా ఆలస్యంగా కదిలింది. 2015లో కేంద్రం టవర్ అడుగు నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కింద నేలకు గరిష్ఠంగా 15 శాతం అంది. 2024 జూన్‌లో వాటిని 200, 30 చేసింది. డబుల్ సర్క్యూట్ (ఒకే టవర్ మీద రెండు లైన్లు) 765 కేవీ కారిడార్, అంటే లైను కోసం పోయే నేల పట్టీ, 67 మీటర్ల వెడల్పు, అంటే లైను వెంబడి 60 మీటర్లు నడిస్తే ఎకరం పోయినట్టే. వరి అయితే కింద వేసుకోవచ్చు, ప్రకాశం వైపు జామాయిల్, సుబాబుల్ వేసినవాళ్లకు ఆ వీలు కూడా లేదు, ఎత్తు పెరిగే చెట్టు తీగల కింద కుదరదు. పైగా ఇవి మార్గదర్శకాలే, చట్టం కాదు. అందుకే జెండాలు పాతే రోజునే 164 ఉత్తర్వు కాపీ, కారిడార్ వెడల్పు, ఏ రేటు లెక్కన కడతారన్నది రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.