కానుకల విషయంలో మన సంఘాల్లో ఉన్న అపోహలు

ఒంగోలు, టంగుటూరు వైపు పల్లె సంఘాల్లో పరిచర్య చేస్తుంటాను. డబ్బు గురించిన ప్రశ్నలు ఆదివారం ఆరాధనలో ఎవరూ అడగరు, ఇంటి ప్రార్థనకు వెళ్లినప్పుడు టీ గ్లాసు చేతికిచ్చి మెల్లగా అడుగుతారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు, సరిగ్గా ఇస్తే అప్పులు తీరతాయి, ఇవ్వకపోతే శాపం తగులుతుంది.

వాస్తవం: మలాకీ మూడో అధ్యాయం చదివి చాలామంది ఇలాగే భయపెడతారు. ఆ పదో వంతు ఎవరికి చేరాలో ద్వితీయోపదేశకాండం 14లో ఉంది: మూడేళ్లకోసారి దాన్ని ఊళ్లోనే ఉంచి ఆలయ సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు కడుపునిండా తినేలా చూడాలి. ఇక యేసు ప్రభువైతే, పుదీనాలో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి ఇచ్చేవాళ్లను న్యాయం, కనికరం, విశ్వాసం వదిలేశారని గద్దించాడు (మత్తయి 23:23). ఇవ్వడం మానమనలేదు, ముఖ్యమైనవి ఏవో చెప్పాడు. మా వైపు పొగాకు రైతులు ఎక్కువ. వేలంలో రేటు పడిపోయిన ఏడాది, ఆకు కోసినవాళ్లకు, ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఎండకు, వేడికి పనిచేసిన ఆడవాళ్లకు కూలి బాకీ పెట్టి, దశమ భాగం కవరు మాత్రం తప్పకుండా తెచ్చేవాళ్లు ఉంటారు. నేను తీసుకోను. "ముందు వాళ్ల కూలి ఇచ్చేసి రా నాయనా" అంటాను. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4లో ఉంది, ఆ మొర వినే దేవుడికే కదా మనం ఈ కవరు ఇస్తున్నది.

అపోహ: అప్పు చేసైనా, అమ్మానాన్నల మందులు ఆపైనా దేవుడి పని జరగాలి.

వాస్తవం: కుదరదు. కొర్బాను, అంటే ఇది దేవుడికి అర్పించేశాను, అని చెప్పి కన్నవాళ్లను చూడటం ఎగ్గొట్టినవాళ్లను మార్కు 7లో యేసే తప్పుపట్టాడు. ఉన్నదాన్నిబట్టే ఇవ్వాలని, లేనిదాన్నిబట్టి కాదని పౌలు రాశాడు (2 కొరింథీ 8:12). నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది మనకు ఉన్నది కాదు.

అపోహ: బీద విధవరాలు ఉన్నదంతా వేసింది, మీరూ అలాగే వేయాలి.

వాస్తవం: ఈ వాక్యం నాకు ప్రాణం, అందుకే దీన్ని తప్పుగా వాడితే బాధేస్తుంది. మార్కు 12లో ఆమె వేసిన రెండు కాసుల కథకు సరిగ్గా ముందు వచనం చూడండి, విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రుల (ధర్మశాస్త్రం బోధించేవాళ్ల) మీద తీర్పు అక్కడే ఉంది. కాబట్టి ఆమె పేరు చెప్పి ఇంకో విధవరాలి దగ్గర పిండకూడదు. మా అక్కచెల్లెళ్లు కొందరు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, ఆదివారం ఆ బియ్యం చీర కొంగులో కట్టుకొచ్చి బల్ల దగ్గర పోస్తారు. ఎవరూ మైకులో వాళ్ల పేర్లు చదవరు. వెయ్యి రూపాయలు ఇచ్చినాయన పేరు కూడా చదవకపోతేనే మంచిది, మత్తయి 6 చెప్పేది అదే.

అపోహ: సాయం చేస్తే అవతలివాళ్లు సంఘంలోకి రావాలి.

వాస్తవం: దీనికి మన ఒంగోలు చరిత్రే జవాబు. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు, ఆ సాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు కూడా దెబ్బలు తిన్నవాణ్ణి నీది ఏ ఊరు, నీది ఏ మతం అని అడగలేదు, అతన్ని చూసుకోమని సత్రంవాడికి రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చి వెళ్లాడు.

అపోహ: సంఘంలో లెక్కలు అడగడం అవిశ్వాసం.

వాస్తవం: యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా విషయంలో ఎవరూ తప్పుపట్టకూడదని పౌలు తనతోపాటు వేరే సహోదరులను కూడా పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:20). మీ సంఘంలోనూ కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టండి, నెల తిరిగేసరికి వచ్చింది ఎంత, అందులో బీదలకు వెళ్లింది ఎంత అన్నది కాగితం మీద రాసి చర్చి గోడకు అంటించమని పెద్దలను అడగండి.