తాబేలు పిల్లలూ ఒడ్డు లైట్లూ: అపోహలు - వాస్తవాలు

"మా లైట్లు ఒడ్డు మీద లేవండీ, చాలా లోపలున్నాయి." తీరం పొడవునా రిసార్టుల వాళ్లు ఏటా చెప్పే మాటే ఇది. అన్నిటికంటే ఎక్కువ చేటు చేస్తున్న అపోహ కూడా ఇదే.

ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు పిల్లలు చీకటిపడి ఇసుక చల్లబడ్డాక గూట్లోంచి పైకొస్తాయి. ఆకాశం వంక చూడవు. నేల వారగా ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పాకుతాయి, నల్లగా ఎత్తుగా కనిపించేదానికి దూరంగా జరుగుతాయి. లైట్లు లేని ఒడ్డున వెలుతురు సముద్రం వైపు, నలుపు సరుగుడు తోట వైపు. పిల్ల కన్ను ఇసుకకు అంగుళం ఎత్తులో ఉంటుంది. లైటు ఎంత దూరమని కాదు, అక్కణ్నుంచి కనిపిస్తోందా అన్నదే లెక్క.

అమావాస్య రోజుల్లో ఒడ్డున ఇసుక మీద బోర్లా పడుకుని ఊరి వైపు చూడండి. బల్బే కానక్కర్లేదు, దాని వెలుతురు పడ్డ తెల్లగోడ కనిపించినా తప్పే. లేచి నిలబడితే మీ నీడ సముద్రం వైపు పడుతోందంటే మరీ దారుణం. తెల్లారి జాడలు చూడండి: విసనకర్రలా విచ్చుకుని నీళ్లలోకి పోతే సరే. మెలికలు తిరిగి రోడ్డు వైపు మళ్లితే ఆ పిల్లలు చీమలకో, కాకులకో, ఎండకో పోయినట్టే.

"వార్మ్ వైట్ పెట్టాం కదా!" అదీ తెల్ల ఎల్‌ఈడీయే, అందులోనూ నీలం ఉంటుంది, పిల్లల్ని ఎక్కువగా లాగేది ఆ నీలమే. 560 నానోమీటర్లకు తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న వెలుతురు ఇవ్వని అంబర్ లేదా ఎర్ర ఎల్‌ఈడీ అడిగి కొనండి. దాన్నీ స్తంభమెక్కిస్తే లాభం లేదు. మోకాలి ఎత్తులో, పైనా సముద్రం వైపూ మూతతో బిగించాలి. అతిథులు చీకట్లో పడిపోతారన్న మీ భయం న్యాయమైనదే. నడక దారికి ఈ వెలుతురు చాలు. తల్లి తాబేళ్లు కూడా వెలుతురున్న ఒడ్డుకు రావడానికి జంకుతాయి, ఇసుకలో గుడ్లు పిల్లలవడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అందుకని జనవరి నుంచి మే దాకా ఇలాగే ఉంచాలి.

"వెన్నెలే దారి తప్పిస్తుంది." కాదు. వెన్నెల అన్ని వైపులా పరుచుకుంటుంది, పౌర్ణమికి మీ లైటు ప్రభావమే తగ్గుతుంది.

"దొరికిన పిల్లల్ని నీళ్ల టబ్బులో ఉంచాం." వద్దు! సముద్రంలో మొదటి రోజు ఈతకు దాచుకున్న శక్తి టబ్బులోనే కరిగిపోతుంది. తడి ఇసుక వేసిన బకెట్‌లో, తడిగుడ్డ కప్పి, నీడన పెట్టి అటవీ శాఖకు ఫోన్ చేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం గట్టి రక్షణ ఇచ్చే షెడ్యూల్ 1 జీవి అని కంగారు పడొద్దు. ఇంట్లో దాచుకుంటేనే చిక్కు, దొరికిందని చెబితే కాదు. చీకటిపడ్డాక నీటి అంచుకు కొన్ని గజాల ఇవతల వదిలితే అవే పాకుతాయి. ఫోన్ ఫ్లాష్ వేశారో, తిరిగి మీ కాళ్ల దగ్గరికే వస్తాయి.

"ప్లాస్టిక్ సంచిని జెల్లీఫిష్ అనుకునే తింటాయి." చూపు ఒక్కటే కాదు. 2020లో వెలువడిన ఒక ప్రయోగంలో లాగర్‌హెడ్ అనే మరో జాతి సముద్ర తాబేళ్లు సముద్రంలో నాని పాచిపట్టిన ప్లాస్టిక్ వాసనకు మేత వాసనకు స్పందించినట్టే స్పందించాయి. శుభ్రమైన ప్లాస్టిక్‌ను పట్టించుకోలేదు. కాబట్టి సంచులే కాదు, తెగిన వల ముక్కలూ ఒడ్డుకు తెచ్చేయాలి.