పర్మిట్ రూము మళ్లీ వచ్చింది, దాని వెనక కథ ఇదీ

హైదరాబాద్ పబ్బులో కొట్లాట అనో, బౌన్సర్లు చితకబాదారనో టీవీలో స్క్రోలింగ్ వచ్చినప్పుడల్లా మా విజయనగరం టీ కొట్ల దగ్గర ఒకటే మాట: "మనకా గోల లేదులే". డీజే, డాన్స్ ఫ్లోరు ఉన్న పబ్బుల సంగతి వరకే అయితే ఆ మాట నిజమే. అవి కావాలనుకున్న కుర్రాళ్లు కారు మాట్లాడుకుని అరవై కిలోమీటర్ల అవతల విశాఖకి వెళ్లొస్తారు. శ్రీకాకుళం వాళ్లకైతే దూరం వంద దాటుతుంది. కానీ గోలే లేదంటే ఎలా? వైన్ షాపు వెనక సీసా పగలగొట్టి పొడుచుకోవడం, బారు బయట బైకు తీసేటప్పుడు మొదలైన మాట పెద్దాస్పత్రిలో తేలడం మన పేపర్ల జిల్లా పేజీలకు కొత్త కాదు.

2025లో వైన్ షాపుల పక్కన పర్మిట్ రూములకు, అంటే కొన్న మందు అక్కడే తాగే గదులకు, ప్రభుత్వం మళ్లీ అనుమతి ఇచ్చాక పాత వాదన తిరిగి లేచింది. రూము పెడితే గొడవలు పెరుగుతాయని కొందరు. పెట్టకపోతే రోడ్డు మీదే తాగుతారు కదా అని ఇంకొందరు. నా మటుకు నాకు ఇద్దరి మాటలోనూ సగమే కనిపిస్తుంది. తాగినవాడు చెయ్యెత్తడానికి ఎంత తాగాడన్నది ఒక లెక్క. ఎక్కడ కూర్చుని, ఎవరి ఎదుట, ఎంత గబగబా తాగాడన్నది ఇంకో లెక్క. మన వైపు ఈ రెండో లెక్క ప్రతి సర్కారుకీ మారుతూ వచ్చింది.

మొదట కల్లు. ఉత్తరాంధ్రలో తాటి, ఈత చెట్లు గీసే పని యాత, శెగిడి, శ్రీశయన కులాలది. కొండ మీద సవరలు, జాతాపులు జీలుగు చెట్టు గీసుకుంటారు. గ్రామదేవతకు సాక పోయాలన్నా కల్లు కావాల్సిందే. మా తాతగారి ఊరు చీపురుపల్లి వైపు. చెరువు గట్టు దిగితే ఒక తాటాకు పాక ఉండేది. కింద ఇసుక, దాని మీద నల్లటి కుండలు. తాటాకు దొప్ప రెండు చేతుల్తో పట్టుకుని గొంతుక్కూర్చుని తాగేవాళ్లు. తాటాకు మడత వదులైతే కల్లంతా మోచేతి దాకా కారేది, అందుకని ఎవరి ధ్యాస వాళ్ల దొప్ప మీదే. పోసే ముసలాయనకి ఊళ్లో ప్రతి ఒక్కడి అయ్యా, అమ్మా తెలుసు. "సాల్లే బావు, ఇంటికెల్లు, మీ యమ్మ ఎదురు సూస్తాది" అంటే ఎంత మొనగాడైనా తువ్వాలు దులుపుకుని లేచేవాడు. పైగా కల్లులో ఆల్కహాలు మామూలుగా నూటికి నాలుగైదు పాళ్లే. కుండ ఖాళీ అయితే ఆ పూటకి దుకాణం కట్టేసినట్టే.

ఇదేదో స్వర్ణయుగం అని చెప్పబోవడం లేదు. పాకలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం చెప్పేది. పాకలో పెద్దమనిషిలా లేచి వచ్చినవాడు ఇంటికెళ్లి పెళ్లాన్ని కొడితే అది ఏ స్టేషన్ డైరీలోకీ ఎక్కేది కాదు. బజారులో దెబ్బలాట తక్కువ అన్నంత వరకే నా మాట.

సారా కథ వేరు. 1886 మద్రాసు అబ్కారీ చట్టం వచ్చాక కాయడం, అమ్మడం సర్కారు లైసెన్సు కిందికి వచ్చాయి. కాంట్రాక్టు పట్టినవాడికి ఎంత ఎక్కువ అమ్మితే అంత లాభం. "ఇక చాల్లే" అనే అవసరం అతనికి లేదు. గురజాడ విజయనగరంలో కూర్చుని కన్యాశుల్కం రాసేనాటికే సారా దుకాణం ఒక రంగస్థలం అయిపోయింది. బైరాగి, హవల్దారు ఒకచోట చేరి మాట్లాడుకునే ఆ సీను చదివితే, మామూలుగా కలవని మనుషుల్ని ఆ చోటు ఎలా కలిపేదో తెలుస్తుంది. ఏజెన్సీలో అయితే సారా అప్పు పద్దులోకి ఎక్కింది. సొండి వ్యాపారులు పోసిన సారాకి పంటా, చివరికి పొలమూ చేతులు మారడం గంజాం, కోరాపుట్ కొండల్లో పాత గాయం. ఏజెన్సీ భూములు కొండవాళ్లు కానివాళ్ల చేతికి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చెయ్యాల్సి వచ్చింది. యాభై ఏళ్ల తర్వాత శ్రీకాకుళం గిరిజన పోరాటం లేచింది కూడా షావుకారు అప్పుల మీద, పోయిన భూముల మీదే.

మధ్యలో ఒక గీత గీశారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలాయి. పాతపట్నం నుంచి పర్లాకిమిడి ఎంత దూరమని? సంతకి నడిచి వెళ్లొచ్చే దూరం. భాష కోసం గీసిన ఆ గీత తర్వాత తర్వాత మందు గీత కూడా అయింది. ఇటు నిషేధం పెట్టినా, ధర పెంచినా అటు వ్యాపారం పెరిగింది.

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలెట్టారు. 1948కల్లా అది రాష్ట్రమంతటా వచ్చింది, మన జిల్లాలతో సహా. కల్లు కూడా నిషేధంలోకే వచ్చింది. ఒక్కరోజులో గీత కార్మికుడు నేరస్తుడైపోయాడు. చెట్టు అతనిదే, కత్తి అతనిదే, ఎక్కితే మాత్రం కేసు. దీని మీద గొంతెత్తిన మనిషి మన సోంపేట పక్క బారువ వాసి గౌతు లచ్చన్న. ఇప్పుడు తోటపల్లి బ్యారేజీకి ఉన్న పేరు ఆయనదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. నిషేధం ఎలా నడుస్తోందో చూడమని ఎస్.వి. రామమూర్తి కమిటీ వేస్తే, ఎత్తేయడమే మంచిదని కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో ఈ విషయం మీదే అవిశ్వాసం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. తెలుగువాళ్ల మొదటి ప్రభుత్వాన్ని కూల్చింది తాటికల్లు అని మా చిన్నప్పుడు మాస్టారు నవ్వుతూ చెప్పేవారు. గీత కార్మికుల ఇళ్లలో మాత్రం అది నవ్వే విషయం కాదు.

ప్రభుత్వం పడినా నిషేధం వెంటనే పోలేదు. 1960ల చివర్లో, 1968 ఎక్సైజ్ చట్టం తర్వాత ఆంధ్ర ప్రాంతంలో దుకాణాలు మళ్లీ తెరిచారు. ఈ ఇరవై ఏళ్లలో చెరువు గట్టు పాక చాలా ఊళ్లలో చితికిపోయింది. దాని చోట సారా కొట్టు వచ్చింది. ఎన్టీఆర్ హయాంలో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లలోకి దిగింది. ప్యాకెట్ అన్నది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, నా లెక్కలో అదే పెద్ద మలుపు. కుండ దగ్గర కూర్చోవాలి. ప్యాకెట్‌ని పంటితో చింపి నడుస్తూ తాగొచ్చు, జేబులో వేసుకుని పొలానికీ, మిల్లు షిఫ్టుకీ పోవచ్చు. పోసేవాడు, చూసేవాడు ఇద్దరూ మాయమయ్యారు.

ఆ తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలెట్టిన ఉద్యమం, 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం, 1997లో చంద్రబాబు దాన్ని సడలించడం. మన వైపు ఆ రెండేళ్లకు పైగా నడిచిన నిషేధం గురించి అడిగితే పెద్దవాళ్లు చెప్పేది మూడు పేర్లు: ఇచ్ఛాపురం, పాతపట్నం, సాలూరు. ఒడిశా గీత దాటి తాగి, తూలుతూ ఆఖరి బస్సు ఎక్కేవాళ్లు. ఆ బస్సు కండక్టర్లకు ఎవరైనా సన్మానం చెయ్యాల్సింది.

1997 తర్వాత వచ్చిందే మనకు బాగా తెలిసిన వైన్ షాపు. వేలం పాటలు, సిండికేట్లు, ఊరూరా బెల్టు షాపులు. కిరాణా కొట్టులో సబ్బుల వెనక క్వార్టర్ సీసాలు పెట్టి, ఎమ్మార్పీ మీద పదో ఇరవయ్యో వేసి అమ్మేవాళ్లు. 2011 చివర్లో సిండికేట్ల మీద ఏసీబీ దాడులు జరిగాక వేలం పోయి లాటరీ వచ్చింది. షాపు పక్కనే తాగే గదికి ఫీజు కట్టించుకుని అనుమతి ఇచ్చారు. అదే పర్మిట్ రూము.

ఆ రూము చూడనివాళ్ల కోసం చెబుతాను. మా ఇంటి నుంచి మార్కెట్‌కి వెళ్లే దారిలో ఒకటి ఉండేది. పైన రేకు, మూడు వైపులా గోడ, నడుం ఎత్తులో పొడుగ్గా ఒక రాతి బల్ల. కుర్చీ ఉండదు. కావాలనే ఉండదు, కూర్చుంటే లేవరు కదా. మూలన ఒకావిడ ఉడకబెట్టిన శనగలు, కోడిగుడ్లు, మిరపకాయ బజ్జీ అమ్మేది. ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్ కొనుక్కోవాలి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో 42.8 శాతం ఆల్కహాలు. చెరువు గట్టున గంటన్నరలో ఎక్కే మత్తు ఇక్కడ పావుగంటలో ఎక్కేది. భుజానికి భుజం తగిలేంత ఇరుకు. పక్కనున్నవాడు ఎవడో తెలీదు, తెలుసుకునే టైమూ లేదు. గ్లాసు ఒలికిందని ఒక మాట, కాలు తొక్కాడని ఇంకో మాట. బయట బైకులు అడ్డదిడ్డంగా పెట్టి ఉంటాయి కాబట్టి అక్కడ మూడో మాట.

సంక్రాంతి వారంలో ఇది నాలుగింతలు. హైదరాబాద్, చెన్నై కూలి పనుల నుంచి, గుజరాత్ బోట్ల నుంచి కుర్రాళ్లు ఒకేసారి దిగుతారు. జేబులో ఆర్నెల్ల డబ్బు, మనసులో ఆర్నెల్ల పాత లెక్కలు. కనుమ సాయంత్రానికి ఏ ఊరి స్టేషన్‌లోనైనా ఒకటి రెండు పంచాయితీలు తప్పవు. పక్క ఊరివాడు మన ఊరి షాపులో మనవాడి మీద గొంతు పెంచాడన్న ఒక్క మాట చాలు. కల్లు పాకలో ఆ ముసలాయన చేసిన పని చెయ్యాల్సింది ఇక్కడ గ్లాసులు తీసే పద్దెనిమిదేళ్ల కుర్రాడు. వాడేం చేస్తాడు?

2019 అక్టోబరు 1 నుంచి షాపులన్నీ ప్రభుత్వమే నడపడం మొదలెట్టింది. షాపులు 4,380 నుంచి 3,500కి తగ్గించారు, పర్మిట్ రూములు మూసేశారు, రాత్రి ఎనిమిదికే షట్టర్ అన్నారు. ఆడవాళ్లు సంతోషించారు, వాళ్లకు ఆ హక్కు ఉంది. కానీ కొన్న సీసా ఎక్కడో తాగాలి కదా. కొత్తగా వేసిన లేఅవుట్లు, జీడి తోటలు, నాగావళి ఇసుక, రైలు పట్టాల పక్క తుప్పలు అన్నీ రాతి బల్ల లేని పర్మిట్ రూములైపోయాయి. ఉదయం వాకింగ్‌కి వెళ్లేవాళ్లకి పగిలిన సీసాలే సాక్ష్యం. అక్కడ దెబ్బలాట జరిగితే విడదీసేవాడు లేడు, అంబులెన్సుకి ఫోన్ చేసేవాడూ లేడు. 2020 మే నెలలో లాక్‌డౌన్ మధ్యలో షాపులు తెరుస్తూ రెండు విడతల్లో ధర 75 శాతం పెంచారు. దాంతో కొండల్లో సారా కాసే బెల్లం ఊటలు పొంగాయి, పాత సరిహద్దు గీత మళ్లీ బతికింది, ఒడిశా సీసాలు బియ్యం బస్తాల మధ్య వచ్చాయి. నిషేధం దిశగా అడుగులన్నారు. నాకైతే అది తాగేవాణ్ని కళ్ల ముందు నుంచి పక్కకి తోసిన విధానంలాగే కనిపించింది.

2024 అక్టోబరు 16న ప్రైవేటు షాపులు తిరిగి వచ్చాయి. పొద్దున పది నుంచి రాత్రి పది దాకా, 99 రూపాయల క్వార్టర్‌తో. 2025 సెప్టెంబరు నుంచి బార్లకు అర్ధరాత్రి 12 దాకా టైమిచ్చారు. బార్లు కూడా పాత బార్లు కావు. ఏసీ, అద్దం తలుపు, లోపల చెక్క క్యాబిన్లు, పెద్ద స్క్రీన్ మీద క్రికెట్. క్యాబిన్‌లో గొడవ తక్కువే, ఎవరి గుంపు వాళ్లది. ఒక్క క్యాబిన్‌లోని నవ్వు పక్క క్యాబిన్‌కి ఎగతాళిలా వినపడే రోజు తప్ప.

శ్రీకాకుళం నుంచి వెళ్లి విశాఖలో ఒక పబ్బులో బౌన్సర్‌గా చేసే కుర్రాడొకడు నాకు తెలుసు. జిమ్ పిచ్చి, మనిషి మెత్తన. "లోపలేటీ అవదు బావు, పాటల హోరులో తిట్టినా వినపడదు. బయట పార్కింగ్‌లో తాళాలు ఎతుక్కుంటా ఒకడు ఫోన్ తీసి వీడియో పడతాడు. అక్కడ అంటుకుంటాది" అన్నాడు. అతని డ్యూటీ గేటు దాకానే. గేటు దాటినవాళ్లు కారెక్కి హైవే పట్టుకుని మన జిల్లాలకు వచ్చేస్తారు, మత్తుతో, మధ్యలో ఆగిన గొడవతో సహా.

కొత్త విధానంలో షాపుల్లో పది శాతం గీత కులాలకు కేటాయించారు. లచ్చన్న కాలం నుంచి నడిచిన లెక్క ఇలా ఒక రకంగా సర్దుబాటైంది. ఆ కోటాలో వచ్చిన షాపొకటి మా వైపే ఉంది. కౌంటర్‌లో ఉన్నాయన తాత చెట్టు గీసేవాడట. కౌంటర్‌కి నిలువెత్తు ఇనుప జాలీ, మధ్యలో ఫుల్ బాటిల్ పట్టేంత కంత. అందులోంచి ఒక చెయ్యి వస్తుంది, నోటో ఫోనో చూపిస్తుంది, సీసా పట్టుకుని వెనక్కి పోతుంది. ఆ చెయ్యి ఎవరిదో చూడాలంటే ఆయన స్టూలు దిగి, వంగి, కంతకి కన్ను ఆనించాలి. రద్దీ టైములో అది కుదిరే పని కాదు.