బావిలోకి చేద దించినట్టు

ప్రియమైన పిల్లలకు,

మీలో ఒక అమ్మాయి పోయిన వారం నాకు ఉత్తరం రాసింది. తరగతిలో ఆమె పక్కన కూర్చునే స్నేహితురాలు, "దేవుడు లోకాన్ని సృష్టించాడని ఇంకా నమ్ముతున్నావా? అది కట్టుకథ అని సైన్స్ ఎప్పుడో తేల్చేసింది కదా!" అన్నదట. ఈ అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి, నోట మాట రాలేదు. "తాతయ్యా, మళ్లీ అడిగితే ఆమె నోరు మూయించే జవాబు ఒకటి చెప్పండి" అని రాసింది.

అమ్మా, అలాంటి జవాబు నా దగ్గర ఉన్నా నీకు ఇవ్వను. నోరు మూసుకున్న స్నేహితురాలితో ఆ తరువాత మాట్లాడేది ఏముంటుంది?

సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో ఒక మాట ఉంది: "నరుని హృదయములోని ఆలోచన లోతు నీళ్లవంటిది, వివేకముగలవాడు దానిని పైకి చేదుకొనును." చేదుకోవడమంటే తాడు కట్టిన చేదను బావిలోకి దించి నీళ్లు తోడుకోవడం. కుళాయి తిప్పడమే తెలిసిన మీకు ఇది కాస్త వివరంగా చెప్పాలి. చేదను విసిరేస్తే రాతి ఒరకు కొట్టుకుని సొట్ట పడుతుంది. మెల్లగా దించాలి. నీటిని తాకిన తరువాత తాడును కొద్దిగా పక్కకు ఊపితే చేద ఒరిగి, బుడబుడమంటూ నిండడం మొదలవుతుంది. అది నిండేదాకా ఆగాలి. తొందరపడి లాగితే సగం చేదే పైకి వస్తుంది. తాడు పొట్టిదైతే ఎన్ని నీళ్లున్నా అందవు. అడుగు తగిలేలా కెలికితే బురద లేస్తుంది. ప్రశ్న అడగడం కూడా అంతే. విసరకుండా దించాలి, దించాక ఆగాలి. ఆగడమే అన్నిటికన్నా కష్టం. ఎదుటివారు ఆలోచిస్తున్న ఆ నాలుగు క్షణాలు మనమే మాట్లాడేయాలనిపిస్తుంది.

నా చిన్నతనంలో తాడు చెయ్యి జారి చేద బావిలో పడిపోతే, పాతాళ గరిగె తెచ్చేవారు. అది ఇనుప కొక్కేల గుత్తి. దాన్ని తాడుకు కట్టి నీళ్లలో తిప్పితే ఏదో ఒక కొక్కేనికి చేద తగులుకునేది. ఆ పూటకు నీళ్లన్నీ మురికైపోయేవి. నేను ఒక స్నేహాన్ని కూడా అలాగే జారవిడుచుకున్నాను. దానికి మాత్రం ఏ పాతాళ గరిగె దొరకలేదు.

అతనికి నక్షత్రాలంటే ప్రాణం. రాత్రిపూట మేడ మీద పడుకుని నాకు ఒక్కొక్కటీ చూపించేవాడు. కృత్తికలను నాకు మొదట చూపించింది అతనే. ఒక రోజు, "ఇవన్నీ వాటంతట అవే ఏర్పడ్డాయనిపిస్తుంది నాకు" అన్నాడు. మర్నాడు నేను అందరి ముందూ, "అవి ఏర్పడినప్పుడు నువ్వు చూశావా?" అని అడిగాను. అందరూ నవ్వారు. దేవుని పక్షాన గెలిచాననుకున్నాను. ఆ తరువాత అతను మేడ మీదికి రాలేదు. ఎందుకు అలా అనిపించిందో అతను చెప్పేవాడే, నేను వినేవాడినే. అది జరగనే లేదు.

నేను ఆ రోజు అడిగింది ప్రశ్న కాదు పిల్లలూ. జవాబు నాకు అక్కర్లేదు. పైగా అతను "మరి నువ్వు చూశావా?" అని ఉంటే నా దగ్గర ఏముంది? లోకాలు దేవుని వాక్కువల్ల కలిగాయని విశ్వాసం ద్వారానే గ్రహిస్తున్నామని హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం చెబుతుంది. చూడనిదాన్ని నమ్మే మనం, చూడలేదని ఇంకొకరిని ఎగతాళి చేయకూడదు.

కాబట్టి అమ్మా, నీ స్నేహితురాలిని ముందుగా ఇలా అడుగు: "కట్టుకథ అన్నావు కదా, సృష్టి అనగానే నీ మనసులో ఏ బొమ్మ కనిపిస్తుంది?" ఆమె కాదంటున్నది బహుశా నువ్వు నమ్మే దాన్ని కాకపోవచ్చు. ఆదికాండంలోని ఆరు దినాలను ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో క్రైస్తవులే ఒక్క మాట మీద లేరు. ఇరవై నాలుగు గంటల దినాలనేవారున్నారు, దీర్ఘయుగాలనేవారున్నారు. "ఆదియందు దేవుడు" అన్న చోట మాత్రం అందరూ ఒకటే.

తరువాత, "సైన్స్ తేల్చింది అన్నావు కదా, ఏమి తేల్చిందో నాకు చెబుతావా?" అని అడుగు. నిజంగా నేర్చుకోవడానికే అడుగు. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలని చెబితే, అది ఎలా లెక్కగట్టారో శ్రద్ధగా విను. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసి, 1931లో దానికి ఒక ఆరంభం ఉందని ప్రతిపాదించిన జార్జ్ లెమెత్ర్ బెల్జియం దేశపు క్యాథలిక్ గురువు. విశ్వాసం, విజ్ఞానం రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి. అయితే తన సిద్ధాంతాన్ని మతానికి రుజువుగా వాడుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చుతుంది. మీరు కూడా విజ్ఞానాన్ని లాగి వంచి మన వైపుకు తిప్పకండి.

ఇక లోతైన ప్రశ్న. "ఎలా జరిగిందో పూర్తిగా తెలిసిపోయినా, అసలు ఏమీ లేకుండా ఉండకుండా ఇదంతా ఎందుకు ఉంది? నీకెప్పుడైనా అలా అనిపించిందా?" అడిగి ఊరుకో. చేద నిండనివ్వు. ఆమె తిరిగి నిన్ను అడిగితే నీ నమ్మకాన్ని తడబడకుండా చెప్పు. జవాబు తెలియని చోట "తెలియదు, తెలుసుకుని వస్తాను" అను. మన నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివారికీ సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న పేతురు, ఆ వాక్యంలోనే సాత్వికంతో చెప్పమన్నాడు.

యేసు ప్రభువు కూడా సమరయ స్త్రీతో సంభాషణను బావి దగ్గరే, దాహానికి నీళ్లడిగి మొదలుపెట్టాడు. చేదుకోవడానికి ఆయన చేతిలో ఏమీ లేదని ఆమె అన్నది. అయినా ఆమె మనసులోని లోతు నీళ్లన్నీ పైకి వచ్చాయి. అది ఎలా జరిగిందో నేను విడమరిచి చెప్పలేను. యోహాను సువార్త 4వ అధ్యాయం మీరే చదవండి.

దేవుడు యోబుతో మాట్లాడినప్పుడు కూడా ప్రశ్నలే అడిగాడు. "కృత్తిక నక్షత్రములను నీవు బంధింపగలవా?" అన్నది వాటిలో ఒకటి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రి తొలిజాములో అవి కనిపిస్తాయి, చిన్న గుంపుగా, ముద్దగా. మామూలు కంటికి ఆరు, చూపు బాగుంటే ఏడు. 1610లో గెలీలియో తన దూరదర్శినిలో 30కి పైగా లెక్కపెట్టాడు. ఈ రాత్రి మీ కంటిలో పడే వాటి వెలుగు నాలుగు వందల ఏళ్ల కిందటే అక్కడి నుంచి బయలుదేరింది.

అమ్మా, నీ స్నేహితురాలిని పిలిచి ఇద్దరూ కలిసి చూడండి. ఆమెకు ఎన్ని కనిపించాయో అడిగి నాకు రాయి.

మీ తాతయ్య