ప్రాసెసర్‌ని అడక్కుండా వాడితే

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ఒక కంప్యూటర్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్ ఇంకో కంప్యూటర్‌లో పెట్టగానే ఎందుకు ఆగిపోతుందని అడిగారు కదా. ఆగిపోతే అదృష్టమే అనుకోండి. నాది ఒకటి ఆగకుండా తప్పు జవాబు చెప్పింది.

అది ఎప్పటిదో సంగతి. 32 బిట్ల సంఖ్య, అంటే 32 స్థానాల్లో 0, 1లతో రాసేది, ఇస్తే ఎడమ చివరి నుంచి మొదటి 1 కనిపించేలోపు ఎన్ని సున్నాలున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాశాను. 50,000 ఇస్తే నా మెషీన్ 16 అంది, అది సరైనదే. అదే ఫైల్‌ని ఓ పాత మెషీన్‌లో పెడితే 15 అంది. ఒక్కటే తేడా! ఒకటి తేడా వస్తే ఎవరైనా ముందు తన లూప్‌నే అనుమానిస్తారు. నేనూ అంతే, రెండు రోజులు లూపుల చుట్టూ తిరిగాను. విసుగొచ్చి చివరికి 1 ఇచ్చి చూశాను. 31 రావాల్సిన చోట 0 వచ్చింది. అప్పుడు గానీ తప్పు నా లూప్‌లో లేదని తెలియలేదు.

జరిగింది ఇది. సున్నాలు లెక్కపెట్టడానికి ఎల్‌జెడ్‌సీఎన్‌టీ అనే ఇన్‌స్ట్రక్షన్, అంటే ప్రాసెసర్ నేరుగా చేసే ఒక ఆదేశం, ఉంది. ప్రాసెసర్లు చేసే ఏఎండీ దీన్ని 2007లో తెచ్చింది, ఇంటెల్‌లో 2013 నాటి హాస్‌వెల్ తరం ప్రాసెసర్లతో వచ్చింది. దానికి కొత్త కోడ్ ఇవ్వలేదు. అంతకుముందే ఉన్న బీఎస్‌ఆర్ అనే ఇన్‌స్ట్రక్షన్ కోడ్ ముందు ఎఫ్3 అనే ఒక బైట్ తగిలించారు. పాత ప్రాసెసర్ ఆ ఎఫ్3ని పట్టించుకోదు, మిగిలినదాన్ని బీఎస్‌ఆర్‌గానే నడిపేస్తుంది. బీఎస్‌ఆర్ చెప్పేది సున్నాల లెక్క కాదు, అన్నిటికన్నా పైనున్న 1 ఎన్నో స్థానంలో ఉందో చెబుతుంది, అదీ కుడి నుంచి 0తో మొదలుపెట్టి. 50,000కి అది 15. 0 తప్ప ఏ సంఖ్యకైనా ఈ రెండు జవాబులూ కలిపితే 31. నేను పరీక్షకు తీసుకున్న సంఖ్య సరిగ్గా మధ్యలో పడింది కాబట్టి 15, 16 పక్కపక్కన వచ్చి నన్ను ఏడిపించాయి. బీఎంఐ1, బీఎంఐ2 అని బిట్లతో పనిచేసే ఇన్‌స్ట్రక్షన్ల గుంపులున్నాయి. బీఎంఐ2లోనివి ఇంత దొంగవి కావు. తెలియని ప్రాసెసర్ వాటిని చూడగానే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని అరిచి ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపేస్తుంది.

అందుకే ముందు అడగాలి. అడగడానికీ ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది, దాని పేరు సీపీయూఐడీ. ఈఏఎక్స్ అనే రిజిస్టర్‌లో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గదిలో, ప్రశ్న నంబరు పెట్టి దాన్ని నడిపితే జవాబులు నాలుగు రిజిస్టర్లలో వస్తాయి. 1వ ప్రశ్నకు ఈసీఎక్స్‌లో 23వ బిట్ వెలిగితే 1లు లెక్కపెట్టే పాప్‌కౌంట్ ఇన్‌స్ట్రక్షన్ ఉన్నట్టు. 7వ ప్రశ్నకు ఈబీఎక్స్‌లో 3వ బిట్ బీఎంఐ1, 8వ బిట్ బీఎంఐ2. నన్ను ఏడిపించిన ఎల్‌జెడ్‌సీఎన్‌టీ బిట్ వీటిలో లేదు. అది 80000001 అనే హెక్సా (16 ఆధారంగా రాసే) నంబరు ప్రశ్నకు ఈసీఎక్స్‌లో 5వ బిట్. హాస్‌వెల్‌లో బీఎంఐ1, ఇదీ కలిసే వచ్చాయి కదా అని బీఎంఐ1 చూసి దీన్ని ఊహించేవాళ్లున్నారు. ఊహించకండి, దేని బిట్ దానిదే.

ఇంకో మెలిక. 7 అడిగే ముందు 0 అడగాలి, ఎంతవరకు అడగొచ్చో అది చెబుతుంది. ఆ హద్దు దాటి అడిగితే పాత ఇంటెల్ ప్రాసెసర్ 'తెలీదు' అనదు, తనకు తెలిసిన చివరి ప్రశ్న జవాబునే మళ్లీ అప్పజెబుతుంది. 7 అడిగేటప్పుడు ఈసీఎక్స్‌లో 0 పెట్టడం కూడా మరవకండి. ఇదంతా ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారి చేసి దాచుకోండి, సీపీయూఐడీ నిదానంగా నడిచే ఇన్‌స్ట్రక్షన్.

లేదని తెలిస్తే ఆ పని మనమే చేయాలి. ఎమ్యులేషన్ అంటే అంతే. పాప్‌కౌంట్ పని ఒక సంఖ్యలో ఎన్ని 1లు ఉన్నాయో చెప్పడం. 44 తీసుకోండి, బైనరీలో 101100. అందులోంచి ఒకటి తీసేస్తే 101011. రెండింటికీ 'అండ్' చేస్తే, అంటే రెండింట్లోనూ 1 ఉన్న చోటే 1 ఉంచితే, 101000. అన్నిటికన్నా కుడివైపున్న 1 మాయమైంది, చూశారా? మళ్లీ చేస్తే 100000, ఇంకోసారి చేస్తే 0. మూడుసార్లు పట్టింది కాబట్టి మూడు 1లు. పీటర్ వెగ్నర్ 1960లోనే ఈ కిటుకును ప్రచురించాడు. ఇప్పటికీ నాకు ముచ్చటే.

ఇదే కిటుకు బీఎంఐ2లోని పెక్స్ట్ అనే ఇన్‌స్ట్రక్షన్‌కీ పనికొస్తుంది. పెక్స్ట్ అంటే మాస్క్‌లో (ఏ చోట్ల బిట్లు కావాలో చూపే సంఖ్యలో) 1 ఉన్న చోట్ల బిట్లు మాత్రం ఏరుకుని కుడివైపుకు దగ్గరగా పేర్చడం. సంఖ్య 10110110, మాస్క్ 11001010 అనుకోండి. మాస్క్ చూపించిన నాలుగు చోట్లా ఎడమ నుంచి 1, 0, 0, 1 ఉన్నాయి. జవాబు 1001, అంటే 9. మాస్క్‌లో కుడి చివరి 1ని పట్టుకోండి, సంఖ్యలో అక్కడేముందో చూసి జవాబులో తర్వాతి స్థానంలో పెట్టండి, వెగ్నర్ కిటుకుతో ఆ 1ని చెరిపేయండి. మాస్క్ 0 అయ్యేదాకా ఇంతే. చదరంగం ప్రోగ్రాములు 64 గళ్లను 64 బిట్లుగా దాచుకుని, ఏనుగు దారిలో ఏ గళ్లు నిండి ఉన్నాయో పెక్స్ట్‌తో ఏరుకుంటాయి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఏఎండీ ప్రాసెసర్లలో జెన్ 2 తరం వరకు సీపీయూఐడీ 'బీఎంఐ2 ఉంది' అనే చెబుతుంది. నిజమే, ఉంది. కానీ పెక్స్ట్‌ని ఆ ప్రాసెసర్ లోపల మైక్రోకోడ్ అనే చిన్న చిన్న అడుగుల ప్రోగ్రామ్‌తో నెమ్మదిగా నెట్టుకొస్తుంది, అంటే అదీ ఒక రకం ఎమ్యులేషనే. 2020లో వచ్చిన జెన్ 3తో గానీ అది వేగం అందుకోలేదు. అందుకే చదరంగం వాళ్లు ఆ పాత జెన్ మీద పెక్స్ట్ వద్దని వేరే దారి పట్టారు.

మీరు రాసిన ఎమ్యులేషన్ మీ కొత్త మెషీన్‌లో నడిచే అవసరమే ఎప్పటికీ రాదు, ఎందుకంటే అక్కడ అసలు ఇన్‌స్ట్రక్షనే ఉంటుంది. కాబట్టి 'లేదనుకో' అని చెప్పే ఒక సెట్టింగ్ పెట్టుకుని, రెండు దారుల జవాబులూ పోల్చి చూడండి. ముందు 0 ఇవ్వండి. ఎల్‌జెడ్‌సీఎన్‌టీ అయితే 32 అంటుంది. మీదేమంటుందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య