తాగకపోతే మంచోడే

"తాగకపోతే మంచోడే." దెబ్బలు తిన్న భార్య నోటా, సర్దిచెప్పడానికి వచ్చిన పెద్దవాళ్ల నోటా వినపడే మాట ఇది. కొట్టినవాడు కూడా తెల్లారాక ఇదే పాట పాడతాడు. నిన్న చెయ్యి లేపింది నేను కాదు, మందు అంటాడు. ఇందులో నిజమెంత అని పరిశోధకులు అర్ధ శతాబ్దంగా తవ్వుతున్నారు.

ముందు ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో బయటపెట్టిన అంచనా ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల వయసులో ఉండి ఎప్పుడైనా భర్తతోనో భాగస్వామితోనో బతికిన స్త్రీలలో సుమారు 27 శాతం మంది ఒక్కసారైనా అతని చేతిలో శారీరక లేదా లైంగిక హింసను చూశారు. మగవాళ్లూ దెబ్బలు తింటారు, కాదనను. కానీ గాయాలూ ప్రాణభయమూ ఎక్కువగా ఆడవాళ్ల వాటాకే వస్తాయి కాబట్టి ఇక్కడ ప్రధానంగా వాళ్ల గురించే రాస్తున్నాను.

1975లో అమెరికాలో ఒక చిలిపి ప్రయోగం జరిగింది. వోడ్కాను టానిక్ నీళ్లలో కలిపితే నాలుకకు తేడా పెద్దగా తెలియదు. ఆ సంగతిని వాడుకుని, కాలేజీ కుర్రాళ్లలో కొందరికి వోడ్కా అని చెప్పి ఉత్త టానిక్ ఇచ్చారు. కొందరికి టానిక్ అని చెప్పి వోడ్కా పోశారు. మిగతావాళ్లకు ఏం చెప్పారో అదే ఇచ్చారు. తర్వాత ఎదుటివాడికి కరెంటు షాక్ ఇచ్చే అవకాశం వాళ్ల చేతిలో పెట్టారు. గట్టి షాకులు ఇచ్చింది ఎవరు? తాగినవాళ్లు కాదు, తాగామని నమ్మినవాళ్లు! గ్లాసులో ఏముందన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు.

అంతకు ఆరేళ్ల ముందే, 1969లో, మెక్ఆండ్రూ, ఎడ్జర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి మాటే చెప్పారు. రకరకాల సమాజాల్లో తాగినవాళ్లు ఎలా ఉంటారో పోల్చి చూస్తే, కొన్నిచోట్ల ఎంత తాగినా గొడవ పడరు, కొన్నిచోట్ల వెంటనే చొక్కాలు పట్టుకుంటారు. తాగిన పూట చేసిన తప్పులకు సమాజం ఎంత సెలవిస్తే అంత వాడుకుంటారని వాళ్ల వాదన. మనం చూడనిదేం కాదు. రోడ్డు మీద తూలుతున్నవాడు పోలీసు కనపడగానే చేతులు కట్టుకుంటాడు. అదే మనిషికి ఇంటి తలుపు మూశాక చెయ్యి లేస్తుంది. ఎవరిని కొట్టకూడదో మత్తులోనూ తెలుసు.

అయితే మందుకు పాపమే లేదనడం కూడా తప్పు. తర్వాత వచ్చిన ఎన్నో ప్రయోగాలను కలిపి చూస్తే, నమ్మకంతో పాటు ఆల్కహాల్ కూడా దూకుడును పెంచుతుందని తేలింది. ఎలా పెంచుతుందో 1990లో స్టీల్, జోసెఫ్స్ అనే మనస్తత్వవేత్తలు చెప్పిన వివరణ నాకు చాలా నచ్చుతుంది. మత్తు మనసుకు ఒకరకమైన దగ్గరచూపు తెస్తుందట. కళ్ల ముందున్నది పెద్దగా కనిపిస్తుంది, కాస్త దూరంగా ఉన్నది మసకబారుతుంది. "ఏంటి ఇంత లేటు?" అన్న మాట చెవిలో హోరెత్తుతుంది. రేపు పిల్లల మొహం ఎలా చూడాలి అన్న ఆలోచన మాత్రం అందదు.

ఇది నిజమైతే, తాగినవాడి ధ్యాసను మరోవైపు మళ్లిస్తే కోపం తగ్గాలి కదా? 2007లో జియాన్కోలా, కార్మన్ అనే పరిశోధకులు సరిగ్గా అదే పరీక్షించారు. తాగిన కుర్రాళ్లకు, ఒకరికొకరు షాకులు ఇచ్చుకుంటున్నామనిపించే రెచ్చగొట్టే ఆట మధ్యలోనే తెర మీద చూసినవి గుర్తుపెట్టుకునే ఓ మోస్తరు పని అప్పజెప్పారు. వాళ్లు తాగనివాళ్ల కంటే కూడా తక్కువ షాకులు ఇచ్చారు. కడుపులో ఉన్నది అదే మందు, చేతలు మాత్రం వేరు.

మనకో పాత సామెత ఉంది. అసలే కోతి, ఆపై కల్లు తాగింది, పైగా తేలు కుట్టింది. మనస్తత్వవేత్త ఎలై ఫింకెల్ చెప్పే సిద్ధాంతం దాదాపు ఇదే. హింసకు అప్పటికప్పుడు రెచ్చగొట్టేది ఒకటి ఉండాలి. అది తేలు. ఆ మనిషిలో ముందే పేరుకున్న ఊపు ఉండాలి. అది కోతి. పట్టుకుని ఆపే పగ్గం వదులవ్వాలి. అది కల్లు చేసే పని. సామెతతో నాకున్న పేచీ ఒక్కటే. కోతికి కల్లు ఎవరో పోస్తారు, మనిషి తనే వెళ్లి తాగుతాడు.

మరి ఆ కోతి ఎక్కడి నుంచి వచ్చింది? ట్రామా గురించి, అంటే మనసులో మిగిలిపోయిన పాత గాయం గురించి మాట్లాడాల్సింది ఇక్కడే. ఫెలిటి, ఆండా అనే డాక్టర్లు 1998లో అచ్చు వేసిన పరిశోధనలో, చిన్నప్పుడు దెబ్బలు, లైంగిక హింస, ఇంట్లో తల్లిని కొట్టడం చూడటం వంటి చేదు అనుభవాలు నాలుగు రకాలో అంతకు మించో ఉన్నవాళ్లకు మద్యవ్యసనం, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. అదే సమాచారంతో 2003లో మరో లెక్క వేశారు. పైన చెప్పిన మూడు హింసాత్మక అనుభవాల్లో ప్రతి ఒక్కటీ, పెద్దయ్యాక భాగస్వామిని కొట్టే లేదా భాగస్వామి చేతిలో దెబ్బలు తినే ముప్పును సుమారు రెట్టింపు చేస్తోంది. ముప్పు పెరగడమంటే తలరాత కాదు. అలాంటి బాల్యం గడిపినవాళ్లలో ఎవరి మీదా చెయ్యెత్తని మనుషులు ఎందరో ఉన్నారు.

దెబ్బల మధ్య పెరిగిన మెదడు ప్రమాదాన్ని ముందే పసిగట్టడం నేర్చుకుంటుంది. ఆ ఇంట్లో అది అవసరం. పెద్దయ్యాక అవసరం తీరినా అలవాటు పోదు. భార్య అలసటతో ముభావంగా ఉంటే అది చిన్నచూపుగా కనిపిస్తుంది. నిద్ర పట్టదు, టెన్షన్ తగ్గదు. ఆ టెన్షన్‌కు చవకైన మందుగా మందు దొరుకుతుంది. తట్టుకోలేని బాధకు జనం ఇలా సొంత వైద్యం చేసుకుంటారని 1985లో కాంట్జియన్ అనే సైకియాట్రిస్టు రాశాడు. అంటే తేలు లేనిచోట తేలును చూసే కళ్లు, వాటి మీద పగ్గం వదిలించే మత్తు, రెండూ ఒకే మనిషిలో చేరతాయి.

దెబ్బలు తిన్న ఆడవాళ్లలో కొందరు తాగుతారు. "అలా తాగితే కొట్టరా మరి" అని జనం నోరు పారేసుకుంటారు. 1997లో ఫలితాలు ప్రకటించిన కిల్‌పాట్రిక్ అనే పరిశోధకుడి బృందం అమెరికాలో సుమారు మూడు వేల మంది స్త్రీలను రెండేళ్లు గమనించింది. మొదట్లో మద్యం దుర్వినియోగం ఉన్నంత మాత్రాన తర్వాత కొత్తగా దాడికి గురయ్యే ముప్పు పెరగలేదు. దాడి జరిగాక మాత్రం మద్యం దుర్వినియోగం పెరిగింది. డ్రగ్స్ విషయంలో సంబంధం రెండువైపులా ఉంది గానీ, మద్యం విషయంలో జనం కథను తిరగేసి చెబుతున్నారన్నమాట.

ఈ రంగంలో తరచూ వినపడే అంకె ఒకటుంది. తాగుడుకో, గృహహింసకో చికిత్సలో చేరిన మగవాళ్లు తాగిన రోజున కొట్టే అవకాశం తాగని రోజు కంటే 8 నుంచి 11 రెట్లు ఎక్కువ అని. అది రోజువారీ డైరీలు రాయించి చేసిన 2003 నాటి అధ్యయనం. దాన్ని రాసిన పరిశోధకుడి మీద 2010లో అభియోగాలు వచ్చాయి. వేరే పరిశోధనలో డేటా కల్పించాడని, విచారణలో నటుల్ని సాక్షులుగా మాట్లాడించాడని. కోర్టులో తేలకముందే ఆయన చనిపోయాడు. అందుకే ఆ అంకెను నేను పట్టుకుని వేలాడను. అయితే 2014లో వేరే బృందం 118 జంటలతో 56 రోజులు డైరీలు రాయించినప్పుడు కూడా, తాగిన తర్వాతి కొన్ని గంటల్లో గొడవ ముదరడం ఎక్కువగానే కనిపించింది.

మరి తాగుడు మాన్పిస్తే కొట్టడం ఆగుతుందా? గోవాలో మితిమీరి తాగే మగవాళ్లకు కౌన్సెలింగ్ ఇచ్చి, 2017లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలల్లో అసలు తాగని రోజులు పెరిగాయి, ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడినవాళ్లు 36 శాతం. కౌన్సెలింగ్ అందనివాళ్లలో అది 26 శాతమే. భార్యను కొట్టడంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేం గానీ, "తాగకపోతే మంచోడే" అనేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి చూడాలి.

జాంబియా రాజధాని లుసాకాలో మరో దారి పట్టారు. ఇంట్లో హింస, భర్త తాగుడు రెండూ ఉన్న 248 కుటుంబాలను తీసుకున్నారు. సగం మందికి మద్యం, పాత గాయాలు, భయం, భద్రత అన్నింటినీ కలిపి పట్టించుకునే చికిత్స ఇచ్చారు. డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులే నడిపారు. ఆడవాళ్లను, మగవాళ్లను వేర్వేరు గుంపులుగా కూర్చోబెట్టారు. భర్త ఎదురుగా ఉంటే భార్య నిజం చెప్పగలదా మరి? మిగతా సగం మందికి క్రమం తప్పకుండా క్షేమం కనుక్కోవడం, అవసరమైతే సాయం దొరికే చోటికి పంపడం. 12 నెలల తర్వాత చూస్తే కలిపి చికిత్స అందినచోట హింసా, తాగుడూ రెండూ మరింత ఎక్కువగా తగ్గాయి. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, ప్రయోగాన్ని పర్యవేక్షించే కమిటీ దాన్ని మధ్యలోనే ఆపమని సలహా ఇచ్చింది. ఆ తర్వాత రెండో సగం కుటుంబాలకు కూడా అదే చికిత్స మొదలుపెట్టారు.